స్కాన్ సెంటర్‌లో చేరిన మేనకోడలికి

చిరంజీవి అమ్మలూకి మావయ్య ఆశీస్సులు.

ఒంగోలులో ఎక్స్‌రేలు, స్కాన్‌లు చదివి రిపోర్టు రాసే డాక్టరుగా (రేడియాలజిస్టుగా) ఉద్యోగంలో చేరావని, అరుదైన జబ్బు ఏదైనా కళ్లముందే ఉండి కనిపెట్టలేకపోతానేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. జబ్బుల బొమ్మలుండే అట్లాస్ పుస్తకం ఏది కొనాలని కూడా అడిగావు. కొనుక్కో, కాదనను. కానీ పేరున్న అరుదైన జబ్బులే వేలల్లో ఉన్నాయి, బొమ్మలు బట్టీపట్టి వాటితో ఎవరూ నెగ్గలేరు. నేను చూసినంతలో అవి దొరికేది రిక్వెస్ట్ ఫారంలో అడగని చోట కూడా చూసినప్పుడు, పేషెంటుని ఇంకో రెండు మాటలు అడిగినప్పుడు.

మీ వైపు సంగతే తీసుకో. నడుం నొప్పని వచ్చిన పెద్దాయన ఎక్స్‌రేలో వెన్నుపూసలు, కటి ఎముకలు మామూలు కంటే బాగా తెల్లగా, దట్టంగా ఉంటాయి. కొత్తగా చదివొచ్చిన ఊపులో ఆస్టియోపెట్రోసిస్ (పుట్టుకతో వచ్చే, ఎముకలు రాయిలా దట్టమయ్యే అరుదైన జబ్బు) అని రాసేయాలనిపిస్తుంది. ఆగు. ముంజేయి ఎక్స్‌రే ఒకటి తీయించు. అక్కడ రెండు ఎముకల నడుమ ఉండే పొర గట్టిపడి ఎముకగా మారుతుంటే అది ఫ్లోరోసిస్, అంటే తాగేనీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు అయ్యే అవకాశమే ఎక్కువ. ఏ ఊరు, ఎన్నేళ్లుగా ఏ బోరు నీళ్లు తాగుతున్నారు అని అడిగితే సగం తేలిపోతుంది. మన దేశంలో ఈ జబ్బు గురించి 1937లోనే రాశారు, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసి. అరుదైనదాన్ని పట్టాలంటే ముందు ఆ నేల మీద మామూలుగా ఉండేది ఏదో తెలిసి ఉండాలి.

అదే తెల్లదనం రక్తం తక్కువగా ఉండి, చిన్న దెబ్బకే ఎముక విరిగే పిల్లవాడిలో కనిపిస్తే కథ వేరు. ఎముక లోపల ఇంకో ఎముక ఉన్నట్టు గీతలు, వెన్నుపూసకి పైనా కిందా దట్టమైన పట్టీలు ఉన్నాయా చూడు. ఉంటే అప్పుడు ఆస్టియోపెట్రోసిస్ గురించి ఆలోచించు. పిల్లవాడు పొట్టిగా ఉండి, వేళ్ల చివరి ఎముకలు అరిగినట్టుంటే పిక్నోడిసోస్టోసిస్ అనే ఇంకో అరుదైన ఎముకల జబ్బు కూడా మనసులో ఉంచుకో. అమ్మానాన్నలది మేనరికమా అని తప్పకుండా అడుగు. మేనమామ నోట ఈ మాట వింటే నీకు నవ్వొస్తుందేమో గానీ, మన ఇళ్లల్లో ఆ ప్రశ్నకి చాలా విలువుంది. అన్నట్టు, ఆస్టియోపెట్రోసిస్‌ని 1904లో వర్ణించిన ఆల్బెర్స్ షోన్‌బెర్గ్ హాంబర్గ్‌లో రేడియాలజిస్టు. ఎక్స్‌రేల వల్లే ఒళ్లు పాడుచేసుకున్నాడు. ఎక్స్‌రేలని ఆపే లెడ్ ఏప్రాన్ బరువని విసుక్కోకు.

ఇక మెదడు. కుడి ఎడమలు అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా చెడితే గడ్డకంటే ముందు ఒంట్లోని రసాయనాల తేడా, విషం, ఆక్సిజన్ అందకపోవడం లాంటివి తలుచుకో. చేతిరాత పాడైన, మాట ముద్దగా వస్తున్న, చదువులో వెనకబడి కోపిష్టిగా మారిన టీనేజి పిల్లల ఎం.ఆర్.ఐ. వస్తుంది. ఫారం మీద ‘బిహేవియర్ ప్రాబ్లం’ అని రెండే మాటలుంటాయి. టీ2 అనే రకం ఎం.ఆర్.ఐ. బొమ్మల్లో రెండు వైపులా పుటామెన్ (మెదడు లోతులో కదలికల్ని నడిపే భాగం) తెల్లబడి ఉంటే విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) పేరు నీ రిపోర్టులో ఉండాల్సిందే. మిడ్‌బ్రెయిన్‌లో (మెదడు కాండం పై భాగంలో) పాండా ముఖంలా కనిపించే గుర్తు కోసం చూడు, కానీ అది లేదని విల్సన్‌ని కొట్టేయకు. చాలామందిలో ఆ ముఖం కనపడదు. ఇది నిర్లక్ష్యం చేస్తే మనిషిని మింగేసే జబ్బు, మందులకి లొంగే జబ్బు కూడా. పెనిసిలమైన్, జింక్ లాంటివి ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. అరుదైన వాటిలో మందున్నవాటినే ముందు వెతకాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కొన్నిసార్లు మనం పేరు చెప్పడం ఆలస్యమైతే కత్తే కీడు చేస్తుంది. చిన్నపిల్లకి మెడ మీదో వీపు మీదో గట్టి వాపు వచ్చిందని, క్యాన్సరేమోనన్న భయంతో స్కాన్‌కి పంపుతారు. పాదాలు చూడు. పుట్టినప్పటి నుంచి రెండు కాళ్ల బొటనవేళ్లూ పొట్టిగా, పక్క వేళ్ల వైపు వంగి ఉంటే ఫైబ్రోడిస్‌ప్లాసియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా కావచ్చు. కండరాలే ఎముకగా మారిపోయే జబ్బది. ముక్క తీసి బయాప్సీ చేసినా, కండకి ఇంజెక్షన్ ఇచ్చినా ఆ చోటే ఎముక పెరిగే ప్రమాదముంది. దీనికి కారణమైన జీన్ 2006లో తెలిసింది కాబట్టి రక్తపరీక్షతోనే తేల్చొచ్చు. అనుమానం రాగానే రిపోర్టు టైపయ్యేదాకా ఆగకు, సర్జన్‌కి ఫోన్ చెయ్యి.

రిపోర్టు సంగతి. ‘క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోండి’ (పేషెంటు లక్షణాలతో మీరే పోల్చి చూసుకోండి) అని రాసి చేతులు దులుపుకునే అలవాటు మన వాళ్లలో చాలామందికుంది, నాకది నచ్చదు. ఏది అనుమానమో, దాన్ని ఏ పరీక్ష తేలుస్తుందో రాయి. విల్సన్ అయితే రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్‌తో కంటి పరీక్ష. నిర్ధారణైతే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ కూడా చేయించమను, వాళ్లలో ఒక్కొక్కరికి నాలుగో వంతు అవకాశం ఉంటుంది. జన్యు పరీక్ష దాకా వెళ్లాల్సినవాళ్లని హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రికి, సీడీఎఫ్‌డీ అనే జన్యు పరీక్షల సంస్థకి పంపమని డాక్టరుకి చెప్పు. 2021 జాతీయ విధానం కింద అక్కడ అరుదైన జబ్బుల కేంద్రం ఉంది. ఆ జాబితాలో ఉన్న జబ్బులకి 50 లక్షల దాకా సాయం వస్తుంది. కాగితాలు ముందునుంచీ దాచుకోమని ఇంట్లోవాళ్లకి చెప్పు. మన జనం పాత ఫిల్ములన్నీ క్యారీబ్యాగులో మోసుకొస్తారు, విసుక్కోకుండా అన్నీ లైట్‌బాక్స్ మీద పెట్టు.

నువ్వు మాత్రం కన్సోల్ గదిలోంచి బయటికొచ్చి తల్లికి జబ్బు పేరు చెప్పేయకు. ఆవిడ బస్సెక్కేలోపు ఫోన్లో వెతికి సొమ్మసిల్లుతుంది. అది పంపిన డాక్టరు కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట.

పోయిన వారం మీ సెంటర్‌కి తెల్లటి మోకాలి ఎక్స్‌రే ఒకటి వచ్చిందన్నావు గానీ, అది ఎవరిదో, వయసెంతో రాయలేదు నువ్వు. దసరాకి వచ్చేటప్పుడు పేరూ ఐడీ తీసేసి ఆ ఫిల్ము తీసుకురా, ముంజేయి కూడా తీయించి ఉంటే ఇంకా మంచిది.

మావయ్య