గుట్ట మీది గుర్తురాయి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత సర్వే గుర్తులను వెతికే సరదా గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మా ఊళ్లో పాత ట్రావెలర్స్ బంగళా అరుగులో ఒక రాయి ఉంది. దాని మీద ఇంగ్లిషులో జి.టి.ఎస్. అనీ, బి.ఎం. అనీ చెక్కారు. మధ్యలో చిన్న చదరం. సమాధి రాయని కొందరు, గుప్తనిధి గుర్తని కొందరు అంటున్నారు. ఏమిటది?
- ఓ పాఠకురాలు, తుని

జవాబు: అది ఎత్తును చెప్పే గుర్తు. దాని కింద సమాధీ లేదు, నిధీ లేదు. ఈ మాట ఊళ్లో గట్టిగా చెప్పండి, ఎవరూ గునపం పట్టుకోకుండా ఉంటారు. జి.టి.ఎస్. అంటే గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే. 1802 ఏప్రిల్ 10న మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన కొలతల పనికి 1818లో ఆ పేరు వచ్చింది. బి.ఎం. అంటే బెంచ్ మార్క్. ఇది లాంబ్టన్ కాలంది కాదు. 1858 తర్వాత రోడ్ల వెంట, రైలు మార్గాల వెంట లెవెలింగ్ (ఒక చోటికీ ఇంకో చోటికీ ఎత్తు తేడా కొలిచే పని) చేసుకుంటూ పోయినప్పుడు ఇలాంటి రాళ్లను వరసగా గుర్తుపెట్టారు.

ఆ చదరం అలంకారానికి చెక్కింది కాదు. లెవెలింగ్ చేసేవాళ్లు కొలబద్దను నిలబెట్టేది సరిగ్గా అక్కడే, లెక్కలోకి వచ్చే ఎత్తు ఆ చదరపు ముఖానిదే. ఎత్తు అంకెను సాధారణంగా రాయి మీద చెక్కరు, అది సర్వే ఆఫ్ ఇండియా పట్టికల్లో ఉంటుంది. దేశమంతటి ఎత్తులనూ 1909లో ఒక లెక్కకు తెచ్చినప్పుడు తొమ్మిది రేవుల్లోని సగటు సముద్ర మట్టాన్ని సున్నాగా పట్టుకున్నారు. ఆ తొమ్మిదిట్లో విశాఖపట్నం ఒకటి.

ఇలాంటివి ఇంకా కావాలంటే, నూరేళ్ల కిందట కదలదని నమ్మకం కుదిరిన కట్టడమల్లా చూడండి: కల్వర్టు పిట్టగోడలు, పాత స్టేషన్ మెట్లు, గుడి అరుగులు, చర్చి పునాది వరస. ఎక్కువగా పోయేది రెండు రకాలుగా. ఒకటి, మరమ్మతు పేరుతో సిమెంటు పూత, పైన టైల్స్. రెండోది, రోడ్డు ఎత్తు పెంచడం. తారు మీద తారు వేసుకుంటూ పోతే పిట్టగోడ రోడ్డు కిందికి వెళ్లిపోతుంది. అందుకే బైపాస్ పడి వదిలేసిన పాత రోడ్డు ముక్కల మీద దొరికినన్ని కొత్త రోడ్డు మీద దొరకవు.

ప్రశ్న: టోపోషీట్‌లో (సర్వే ఆఫ్ ఇండియా వివరపటంలో) గుట్ట మీద త్రిభుజం, పక్కన ఎత్తు అంకె చూశాను. అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టి ఫోన్‌లో పెట్టుకుని ఎక్కితే అది కొన వదిలి వాలు మీద ముళ్లపొదలోకి తీసుకుపోయింది. లెక్క తప్పానా?
- ఓ పాఠకుడు, గుత్తి

జవాబు: మీ లెక్క సరైనదే అయినా అక్కడికే పోతారు. మీ దగ్గరున్నది 57 ఇ/12 లాంటి అంకెతో ఉన్న పాత షీటు అయివుంటుంది. ఆ వరస షీట్లకు ఆధారం ఎవరెస్ట్ గోళాభం, అంటే భూమి ఆకారానికి లెక్క కోసం పట్టుకున్న నున్నటి రూపం. ఫోన్ వాడేది డబ్ల్యుజీఎస్ 84. భూమి ఆకారాన్ని, దాని కేంద్రాన్ని రెండూ వేర్వేరుగా లెక్కిస్తాయి. మన ప్రాంతంలో ఒకదాని అంకెల్ని రెండోదానిలో పెడితే స్థానం సుమారు రెండు వందల మీటర్లు పక్కకు పోతుంది. చిన్న గుట్టకు అంత తేడా చాలు, కొన నుంచి వాలు మీదికి దించేస్తుంది. ఇ44, డి44 లాంటి అక్షరంతో మొదలయ్యే ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యుజీఎస్ 84 మీదే ఉంటాయి, వాటితో ఈ చిక్కు లేదు.

దీనికి సూత్రాలు అక్కర్లేదు. షీటు మీదా, ఉపగ్రహ చిత్రంలోనూ పోల్చుకోగల పాత గుర్తు ఒకటి పట్టుకోండి: కోట బురుజు, రైలు వంతెన, చెరువు కట్ట మలుపు. దాని అంకెలు షీటు నుంచి తీయండి, ఫోన్ నుంచి తీయండి. తేడా ఎంతో అంత మీ త్రిభుజానికీ కలపండి. ఐదారు కిలోమీటర్ల లోపు గుర్తయితే ఇది బాగా పనిచేస్తుంది. ఒక్క గుర్తుతో సరిపెట్టుకోకుండా రెండోదానితో సరిచూసుకోండి. ఇంకో సంగతి: 1:50,000 షీటు మీద అర మిల్లీమీటరు అంటే నేల మీద 25 మీటర్లు. స్కేలుతో ఎంత జాగ్రత్తగా కొలిచినా అంతకన్నా దగ్గరికి కాగితం తీసుకుపోదు. అక్కడి నుంచి కళ్లే దారి.

ఏం వెతకాలో ముందే తెలిసుండాలి. షీటు మీది త్రిభుజం అంటే సర్వేయర్లు నిలబడి కోణాలు కొలిచిన చోటు, దాన్నే స్టేషన్ అంటారు. బండ ఉన్నచోట నేరుగా బండ మీదే వృత్తం, దాని నడుమ చుక్క చెక్కారు. బండ లేనిచోట గుర్తు చెక్కిన రాయిని పాతి, పైన కట్టడపు దిమ్మె లేపి, కింది చుక్కకు నిట్టనిలువుగా పైన ఇంకో గుర్తు పెట్టారు. చుట్టూ రాళ్లు పేర్చిన తిన్నె ఉండవచ్చు. తిన్నె కూలిపోయి రాళ్లకుప్పగా మిగిలితే మేకల కాపరులు పేర్చింది అనుకుని దాటిపోతాం. కొనకు చేరగానే అడుగు ముందుకు వేయకుండా నిలబడి చుట్టూ చూడండి. నలువైపులా అడ్డు లేకుండా దూరపు కొండలు కనిపించే చోటే స్టేషన్ పెట్టారు, ఎందుకంటే అక్కడి నుంచి తక్కిన స్టేషన్లు కనబడాలి.

మీ గుత్తికి ఈ కథలో పెద్ద చోటే ఉంది. మద్రాసు నుంచి పైకి వచ్చిన త్రిభుజాల వరసను సరిచూసుకోవడానికి లాంబ్టన్ 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరు దగ్గర నేల మీద బేస్‌లైన్లు, అంటే త్రిభుజాల లెక్కకు ఆధారమయ్యే తిన్నని గీతలు, కొలిచాడు.

కొన్ని చోట్ల వెతికి లాభం లేదు. షీటు మీద ఉత్త చుక్క, పక్కన ఎత్తు ఉంటే అది స్పాట్ హైట్. నేల మీద రాయేమీ ఉండదు. గాలిగోపురం, చర్చి శిఖరం లాంటివాటిని దూరం నుంచి కోణాలు చూసి స్థిరపరచిన స్థానాలూ ఉంటాయి. అక్కడ ఆ శిఖరమే గుర్తు, కింద వెతకడానికేమీ లేదు. ఇక గ్రానైట్ క్వారీ కొనను తినేసిన గుట్టలు. ఎక్కే ముందు ఉపగ్రహ చిత్రంలో కొన ఇంకా ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: సముద్రం ఒడ్డున నిలబడితే ఫోన్ యాప్ ఎత్తు మైనస్ అరవై చిల్లర చూపిస్తోంది. ఫోన్ పాడైందా?
- ఓ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఫోన్ బాగానే ఉంది. ఉపగ్రహాల నుంచి వచ్చే ఎత్తు గోళాభం నుంచి లెక్క, సముద్ర మట్టం నుంచి కాదు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో భూగురుత్వం బలహీనంగా ఉన్న పెద్ద ప్రాంతం ఉంది. అక్కడ సముద్ర మట్టం గోళాభం కన్నా వంద మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. ఆ పల్లం మన దాకా సాగుతుంది: తెలుగు ప్రాంతాల్లో తేడా సుమారు 60 నుంచి 90 మీటర్లు. యాప్ సెట్టింగుల్లో సగటు సముద్ర మట్టం చూపించే వీలుంటే అది ఎంచుకోండి. అప్పటికీ ఫోన్ ఎత్తు పది మీటర్లు అటూ ఇటూ తప్పవచ్చు కాబట్టి, దాన్ని పట్టుకుని బెంచ్ మార్క్ తప్పని తేల్చవద్దు. పాత అంగుళం షీట్లలో (మైలుకు అంగుళం చొప్పున గీసినవాటిలో) ఎత్తులు అడుగుల్లో ఉంటాయి. ఆ అంకెను 3.28తో భాగిస్తే మీటర్లు.

ప్రశ్న: అరిగిపోయిన అక్షరాలు కనబడాలంటే సుద్ద రుద్దవచ్చా? వైర్ బ్రష్?
- ఓ పాఠకుడు, నల్లగొండ

జవాబు: వైర్ బ్రష్, యాసిడ్, ఆయిల్ పెయింట్ మూడూ వద్దు. బ్రష్ గీతలు పాత ఉలి గాట్లలో కలిసిపోతాయి, ఆ తర్వాత ఏది ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు. మెత్తటి కుంచెతో మట్టి దులపండి. నీళ్లు చల్లండి. రాయి పైభాగం ముందు ఆరుతుంది, గాట్లలో తడి నిలిచి అక్షరాలు నల్లగా తేలతాయి. ఆ రెండు మూడు నిమిషాల్లోనే ఫొటో తీసుకోవాలి. నడిమధ్యాహ్నం ఏమీ కనబడదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి. లేదంటే రాయికి నీడ పట్టి, టార్చిని దాదాపు రాతికి ఆనించినట్టు పక్క నుంచి వేయండి. నాలుగు వైపుల నుంచీ వేసి నాలుగు ఫొటోలు తీస్తే ఒకదానిలో కనబడని గీత ఇంకోదానిలో దొరుకుతుంది.

గుట్టల మీద పనిముట్ల విషయంలో మరీ జాగ్రత్త. పార, గడ్డపలుగు సంచిలో ఉండకూడదు. గుప్తనిధుల తవ్వకాలతో విసిగిపోయిన ఊళ్లలో, టేపు పట్టుకుని బండ చుట్టూ తిరిగే కొత్త మనిషిని పట్టుకుని పోలీసులకు చెప్పడం సహజం, వాళ్లను తప్పుపట్టలేం. ఎక్కే ముందు సర్పంచికో గుడి పూజారికో షీటు చూపించి, ఏం చూడబోతున్నారో చెప్పండి. చాలాసార్లు ఆ గుర్తు ఎక్కడుందో వాళ్లే చెబుతారు. అడవిశాఖ భూమి అయితే అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న: ఎడిసన్ దగ్గర నడకదారి పక్కన కాంక్రీటు దిమ్మెలో కంచు బిళ్ల కనిపించింది. రిఫరెన్స్ మార్క్ నంబర్ 2 అని రాసి, బాణం గుర్తు ఉంది. అసలు స్టేషన్ ఎక్కడ? మా అబ్బాయి ఇప్పుడు రోజూ అదే అడుగుతున్నాడు.
- ఓ పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: రిఫరెన్స్ మార్క్ అంటే అసలు స్టేషన్‌ను పట్టుకోవడానికి దాని దగ్గర్లో పెట్టిన తోడు గుర్తు. బాణం అసలు స్టేషన్ వైపే చూపిస్తుంది. ఈ బిళ్లల వ్యాసం సుమారు 9 సెంటీమీటర్లు. స్టేషన్ బిళ్ల నడుమ త్రిభుజం ఉంటుంది, బెంచ్ మార్క్ బిళ్ల మీద ఆ మాటే ఉంటుంది. బిళ్ల మీద పొడిచిన పేరు, సంవత్సరం రాసుకుని నేషనల్ జియోడెటిక్ సర్వే (అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ) వెబ్‌సైట్‌లో డేటాషీట్, అంటే ఆ గుర్తు వివరాల పత్రం, తీయండి. ప్రతి గుర్తుకూ రెండక్షరాలు, నాలుగంకెల గుర్తింపు ఉంటుంది.

డేటాషీట్‌లో ముందు చూడాల్సింది అక్షాంశ రేఖాంశాల పక్కనున్న మాట. అడ్జస్టెడ్ అని ఉంటే కొలిచి తేల్చినవి, ఫోన్ మిమ్మల్ని నాలుగైదు మీటర్ల దాకా తీసుకుపోతుంది. స్కేల్డ్ అని ఉంటే పటం మీంచి చదివినవి. ఆ షీటే 6 సెకన్లు అటూ ఇటూ తప్పవచ్చని చెబుతుంది, అంటే సుమారు 180 మీటర్లు. మొదటిసారి వెళ్లినవాళ్లు వట్టి చేతులతో రావడానికి ఎక్కువగా ఇదే కారణం. బెంచ్ మార్కుల్లో స్కేల్డ్‌వి చాలా ఉంటాయి. వాటికి ఫోన్ పక్కన పెట్టి, కింద ఉన్న వర్ణన చదువుకుంటూ నడవాలి.

త్రిభుజ స్టేషన్లకు డేటాషీట్‌లో ఒక చిన్న పట్టిక ఉంటుంది: స్టేషన్ నుంచి ఒక్కో రిఫరెన్స్ మార్కుకు దూరం, దిశ. దిశలు స్టేషన్ నుంచి ఇచ్చినవి. మీరు నిలబడింది రిఫరెన్స్ మార్క్ దగ్గర. కాబట్టి 180 కలపాలి. పట్టికలో 65 డిగ్రీలుంటే మీరు చూడాల్సింది 245 వైపు. అది నిజ ఉత్తరం నుంచి. న్యూజెర్సీలో దిక్సూచి సుమారు 12 డిగ్రీలు పడమరకు చూపిస్తుంది, కనుక సూది మీద 257 పట్టుకోవాలి. ఆ 12 మరిచిపోతే 30 మీటర్ల దూరంలో ఆరు మీటర్లు పక్కన వెతుకుతారు.

దూరం అడ్డంగా లెక్క, వాలు వెంట కాదు. 20 డిగ్రీల వాలు మీద టేపును నేలకు ఆనించి 30 మీటర్లు లాగితే అడ్డదూరం 28 మీటర్లే వస్తుంది. టేపును ముక్కలు ముక్కలుగా, నడుం ఎత్తులో సమంగా పట్టుకుని, చివర దారానికి కట్టిన బరువుతో నేల మీదికి దించుకోండి. రెండో రిఫరెన్స్ మార్క్ కూడా దొరికితే దిక్సూచితో పనే లేదు. రెండు టేపులు, ఇద్దరు మనుషులు. రెండు దూరాల చాపాలూ రెండు చోట్ల కలుస్తాయి, ఏది నిజమో బాణాలు చెబుతాయి. మీ అబ్బాయికి జామెట్రీ ఇంతకన్నా బాగా ఎవరూ నేర్పలేరు.

రోడ్డు నడుమ నుంచి ఇన్ని అడుగులు అన్న వర్ణనను సంవత్సరం చూసి నమ్మండి. ఒక వైపే వెడల్పు చేసిన రోడ్డుకు నడుమ గీత జరిగిపోయి ఉంటుంది. కరెంటు స్తంభాలు మారతాయి. 1934లో ఓక్ చెట్టన్నది ఇప్పుడు మోడైనా ఉంటుందో లేదో. రాతి వంతెన మూల, చర్చి పునాది లాంటివి ఉంటే కొలత అక్కడి నుంచి మొదలుపెట్టండి.

చోటు తేలాక బిళ్ల కనబడకపోతే అది గడ్డి కింద 5 నుంచి 20 సెంటీమీటర్ల లోతులో ఉండి ఉండవచ్చు. భూమి ఎవరిదో వాళ్లనడిగి, పూడ్చిన తీగల కోసం 811కు ఫోన్ చేసి, ఆ తర్వాతే పొడవాటి స్క్రూడ్రైవర్‌తో జానెడు జానెడు దూరంలో మెల్లగా గుచ్చి చూడండి. కాంక్రీటు తగిలితే చప్పుడు, చేతికి తెలిసే ఎదురు రెండూ మారతాయి. పచ్చిక చిన్న ముక్క ఎత్తి, చూసి, మళ్లీ కప్పేయండి. అంతకన్నా లోతుకు వెళ్లవద్దు. చాలా స్టేషన్లకు పై బిళ్ల కింద ఇంకో గుర్తు పూడ్చి ఉంటుంది. పైది పోయినరోజున సర్వేయర్లకు అదే ఆధారం. రైలు పట్టాల వెంట ఉన్నవి కనబడుతున్నా దాటి వెళ్లకండి, అది చట్టవిరుద్ధం. పొడవు ప్యాంటు వేసుకోండి, ఇంటికొచ్చాక పిన్నీసు తలకాయంత ఉండే పిడుదుల (టిక్స్) కోసం ఒళ్లంతా చూసుకోండి, లైమ్ జబ్బు వాటివల్లే.

ప్రశ్న: మెటల్ డిటెక్టర్ కొనాలా? సర్వేయర్లు వాడే అయస్కాంత లొకేటర్ పనిచేస్తుందా?
- ఓ పాఠకుడు, డాలస్

జవాబు: లొకేటర్ ఇనుమునే పట్టుకుంటుంది, కంచు బిళ్ల పక్కనున్నా పలకదు. గుర్తు ఇక్కడుందని చెప్పడానికి పక్కన పాతిన ఇనుప సాక్షి స్తంభం విరిగి నేలలో మొదలు మిగిలితే మాత్రం బాగా ఉపయోగం. మామూలు డిటెక్టర్ కంచును పట్టుకుంటుంది గానీ రోడ్డు పక్క సీసామూతలన్నిటికీ మోగుతుంది. మొదటి ఏడాది 30 మీటర్ల టేపు, దిక్సూచి, స్క్రూడ్రైవర్ చాలు.

ప్రశ్న: మా పొలం గట్టు మీది పాత సర్వే రాళ్లను కూడా ఇలాగే వెతికి, మట్టి తీసి నిలబెట్టవచ్చా?
- ఓ రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: వెతకండి, ఫొటో తీయండి, కానీ నిలబెట్టవద్దు. ఒరిగిన రాయిని మంచి మనసుతో నిటారుగా చేసినా అది జరిగినట్టే, రేపు గట్టు తగాదా వస్తే మీ మీదికే వస్తుంది. ప్రభుత్వం పాతిన హద్దురాయిని కదిపితే భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. ఒరిగిన రాయి ఉందని మండల సర్వేయర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

ప్రశ్న: ఎంత వెతికినా దొరకని గుర్తు నాశనమైందని నివేదిక పంపవచ్చా?
- అదే ఎడిసన్ పాఠకురాలు, రెండో ఉత్తరంలో

జవాబు: పంపవద్దు. దొరకలేదు అన్నది ఒక మాట, నాశనమైంది అన్నది ఇంకో మాట. నాశనమైందనడానికి ఊడిన బిళ్లో, పగిలిన దిమ్మో ఫొటోలో కనబడాలి. దొరకలేదని రాసేటప్పుడు ఏ కొలత నుంచి మొదలుపెట్టారు, ఎంత మేర గుచ్చి చూశారు, రోడ్డు ఏ వైపు పెరిగింది అన్నవి రాయండి. దొరికితే మూడు ఫొటోలు: అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా ఒకటి, నిలబడి కిందికి చూస్తూ ఒకటి, గుర్తు ముందుండి వెనక పరిసరాలు కనబడేలా ఒకటి. మూడోదానికి మీరు ఏ దిక్కుకు చూస్తూ తీశారో తప్పక రాయండి.