ఆఖరి పంటు వెళ్ళిపోయాక

తమ్ముడూ,

నువ్వు పంపిన నీ టీవీ సీరియల్ మూడు ఎపిసోడ్ల సీన్ పేపర్లు రాత్రి కూర్చుని చదివాను. అత్తాకోడళ్ళు వంటింట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకునే సీను చాలా బాగా వచ్చింది, దాన్ని ఎవరు మార్చమన్నా మార్చకు. రెండో ఎపిసోడ్ దగ్గర మాత్రం ఆగిపోయాను. కోనసీమలోని సఖినేటిపల్లిలో రాత్రి ఎనిమిదింటికి ఆ అమ్మాయికి ఫోన్ వస్తుంది, నాన్నకి గుండెపోటు, హైదరాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చారని. తర్వాతి సీన్లో అదే చీరతో, పెట్టుకున్న పూలు పెట్టుకున్నట్టే, ఐసీయూ బయట నిలబడి ఉంటుంది. నర్సేమో "తొమ్మిదైందమ్మా, ఇప్పుడు లోపలికి పంపరు" అంటుంది.

అక్కణ్ణించి హైదరాబాద్ దాదాపు 400 కిలోమీటర్లు. కారులో ఎంత తొక్కినా ఏడెనిమిది గంటలు పడుతుంది. కానీ నా బాధ ఆ లెక్క తప్పినందుకు కాదు. ఆ ఎనిమిది గంటల్లో నీకు దొరకాల్సిన సీన్లన్నీ నువ్వే చేజేతులా పారేసుకున్నావు.

ఒక్కసారి ఆ ఊళ్ళో నిలబడి చూడు. సఖినేటిపల్లికీ నరసాపురానికీ మధ్య వశిష్ఠ గోదావరి ఉంది. జనం పంటు మీద, అంటే పెద్ద బల్లకట్టు మీద, దాటుతారు, బైకులూ కార్లూ కూడా దాని మీదే ఎక్కిస్తారు. వరద ఎక్కువైతే పంటు తిప్పరు. ఆ అమ్మాయి రేవుకి పరిగెత్తుకొచ్చేసరికి ఆఖరి పంటు వెళ్ళిపోయిందనుకో. అవతలి ఒడ్డున నరసాపురం లైట్లు కనిపిస్తూనే ఉంటాయి, తను మాత్రం వెళ్ళలేదు. మలికిపురం, దిండి మీదుగా చించినాడ బ్రిడ్జి ఎక్కి, పాలకొల్లు వైపు చుట్టూ తిరిగి పోవాలి. ఆ రాత్రివేళ కారెవరిస్తారు? నువ్వు మొదటి ఎపిసోడ్లోనే గొడవ పెట్టించిన ఆ బావే ఇవ్వాలి. ఇద్దరూ తెల్లారేదాకా ఒకే కారులో కూర్చోవాలి. విజయవాడ దాటాక టీ కోసం ఆగినప్పుడు అతను ఒక్కమాట కూడా అనకుండా గ్లాసు చేతికిస్తాడు చూడు, ఆ గ్లాసు నువ్వు రాసిన రెండు పేజీల సారీ డైలాగులకంటే ఎక్కువ పనిచేస్తుంది.

బడ్జెట్ లేదంటారని నాకూ తెలుసు. మన షూటింగులన్నీ హైదరాబాద్‌లో అద్దెకు తీసుకున్న బంగళాల్లోనే కదా, గోదావరి దాకా యూనిట్‌ని ఎవరు పంపుతారు. ప్రయాణం చూపించొద్దులే. ఐసీయూ బయట సీనుని తెల్లవారుజామున పెట్టు. చీర నలిగి ఉండాలి, తల్లో పూలు వాడిపోయి ఉండాలి, ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉండాలి. "పంటు దొరకలేదక్కా" అని ఒక్కమాట అనిపించు చాలు. కోనసీమలో ఇళ్ళల్లో కూర్చుని చూసేవాళ్ళకి ఆ రాత్రంతా కళ్ళ ముందు కనబడుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పదిహేనేళ్ళ కిందట నేను ఒక డైలీ సీరియల్‌కి రాస్తూ, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో పెళ్ళికూతురు తెల్లవారుజామున స్నానం చేసి, గోదావరి నడుమ నుంచి ఉదయిస్తున్న సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చినట్టు పెట్టాను. రాసేటప్పుడు నాకే కళ్ళు చెమర్చాయి. ప్రసారమైన వారానికి అక్కడి రిటైర్డ్ మాస్టారొకరు ఫోన్ చేశారు. "బాబూ, మా ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది. రేవులో నీళ్ళకేసి తిరిగి నిలబడితే పొద్దు మా వీపు వెనక పొడుస్తుంది. గోదాట్లోంచి సూర్యోదయం చూడాలంటే అవతల కొవ్వూరు వెళ్ళాలి" అన్నారు. కాసేపాగి, "ఆ తర్వాత ఆ పిల్ల ఏడుస్తుంటే మాకేం అనిపించలేదయ్యా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత వెళ్ళి సాయంత్రం అదే ఘాట్‌లో కూర్చున్నాను. పొద్దు కొవ్వూరు వైపు దిగుతోంది, బ్రిడ్జి మీద రైలు పోతోంది. పెళ్ళికి ముందు రోజు సాయంత్రం ఆ పిల్లని అక్కడ కూర్చోబెట్టి, అత్తారిల్లు కొవ్వూర్లో పెట్టి ఉంటే, సూర్యుడు సరిగ్గా ఆమె వెళ్ళబోయే ఒడ్డునే మునిగేవాడు. ఊరే నాకు అంత మంచి సీను ఇస్తుంటే తీసుకోవడం తెలియలేదు.

ఇక కాలం సంగతి. వారానికి ఆరు ఎపిసోడ్లు రాస్తాం కాబట్టి ఒక్క రాత్రి రెండు వారాలు సాగుతుంది, దానికి ప్రేక్షకులు అలవాటుపడ్డారు, ఏమీ అనరు. ఆ రాత్రి మధ్యలో ఛానల్ అడిగిందని వినాయక చవితి ఎపిసోడ్ దూర్చి, సోమవారం మళ్ళీ అదే రాత్రికి వస్తే మాత్రం తట్టుకోలేరు. అందుకే వన్‌లైన్, అంటే సీన్ల వరస, రాయకముందే కథకి ఒక క్యాలెండర్ వేసుకో, పక్కన పంచాంగం పెట్టుకో. 2023లో అధిక శ్రావణం జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా ఉండి, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న వచ్చింది. బ్యాంక్ ఎపిసోడ్లు, అంటే నిల్వకి పెట్టుకునేవి, ముందే రాసేవాడు ఇది చూసుకోకపోతే ముహూర్తాలు లేని రోజుల్లో పెళ్ళి చేసి కూర్చుంటాడు. శ్రావణంలో ఏడో నెల సీమంతం చేశావంటే దసరా, దీపావళి మధ్య పురుడు రావాలి. సంక్రాంతికి కూడా ఆ అమ్మాయి కడుపుతోనే తిరుగుతుంటే, ఇంట్లో పెద్దావిడ టీవీ ముందు వేళ్ళు మడిచి నెలలు లెక్కపెడుతుంది.

నీ ఫ్లాష్‌బ్యాక్‌లోనూ రెండు మార్చాలి. 2006లో మేనమామ దుబాయ్ వెళ్తే శంషాబాద్‌లో దింపలేరు, ఆ ఎయిర్‌పోర్ట్ 2008 మార్చిలో మొదలైంది, అప్పటికి బేగంపేటే. అదే ఫ్లాష్‌బ్యాక్‌లో వరంగల్ జీపుకి టీఎస్ నంబర్ వేశావు, 2014కి ముందు అక్కడా ఏపీయే. మూడో ఎపిసోడ్లో నరసాపురం తాతగారు అర్జీ పట్టుకుని ఏలూరు కలెక్టరేట్‌కి వెళ్తాడు. కథ ఇప్పటిదైతే ఆయన భీమవరం వెళ్ళాలి, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అయినా ఆ ఏలూరుని కొట్టెయ్యకు. అలవాటుకొద్దీ ముసలాయన ఏలూరు బస్సే ఎక్కి, అక్కడ గేటు దగ్గర "మీ ఆఫీసు భీమవరంలో తాతా" అనిపించుకుని, ఆ కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని బస్టాండులో కూర్చుంటే ఎలా ఉంటుందో ఆలోచించు.

రెండో ఎపిసోడ్ మళ్ళీ రాసి ఆదివారంలోగా పంపు. ఆ అమ్మాయి రేవు దగ్గరికి ఎన్నింటికి చేరిందో, ఐసీయూ దగ్గరికి ఎన్నింటికి చేరిందో సీన్ హెడ్డింగుల్లోనే టైమ్ వెయ్యి.

అన్నయ్య