ఉద్యోగం మానేసి చిన్నపిల్లల టీచర్ ట్రైనింగ్‌లో చేరవచ్చా?

ప్రశ్న: నా వయసు 33. ఆఫీసు ఉద్యోగం. నర్సరీ పిల్లలకు టీచర్ కావాలని ఎప్పటి నుంచో కోరిక. ఏడాది కోర్సు, ఫీజు నా మూడు నెలల జీతమంత. చివరి మూడు నెలలు రోజంతా ప్రాక్టికల్స్, పైసా రాదు. నా జీతంలో 70 శాతం ఇంటి ఖర్చులకే పోతుంది. ఎనిమిది నెలల ఖర్చుకు సరిపడా దాచాను. టీచర్‌గా మొదట్లో వచ్చేది ఇప్పటి జీతంలో 60 శాతమే. ఉద్యోగం మానేసి, తక్కువపడితే లోన్ తీసుకుని చేరనా?

జవాబు: చేరండి. కానీ ఉద్యోగం ఇప్పుడే మానకండి, లోన్ అసలు వద్దు.

మీ జీతం 100 అనుకుందాం. దాచినది 560. ఇవాళే మానేస్తే ఏడాది ఖర్చు 840, ఫీజు 300, మొత్తం 1140. అంటే 580 అప్పు చేయాలి. తర్వాత వచ్చే జీతం 60, ఇంటి ఖర్చు 70. ఇక ఈఎంఐ దేంతో కడతారు? ఈ లెక్క చూస్తేనే నాకు భయం వేసింది.

అదే సాయంత్రాలో, వారాంతాల్లోనో క్లాసులుండే కోర్సు చూసుకుని తొమ్మిది నెలలు ఉద్యోగంలోనే ఉంటే, మిగిలే 270 దాదాపు ఫీజుకు సరిపోతుంది. ఇంకో 30, ప్రాక్టికల్స్ నాటి ఖర్చు 210 దాచిన దాంట్లోంచి తీసినా 320 చేతిలో ఉంటుంది. నాలుగున్నర నెలల ఖర్చు అది. దాన్ని కదపకండి. చిన్నపిల్లల మధ్య మొదటి ఏడాది జలుబూ జ్వరమూ టీచర్లకు తరచూ అంటుకుంటాయి, సెలవులు పడతాయి.

ఫీజులో కనిపించని ఖర్చులూ ఉంటాయి. ఈ ట్రైనింగ్ చేసిన ఒకావిడ తన ఖర్చుల పుస్తకం నాకు చూపించారు. ఒకే పేజీలో రంగు కాగితాలు, జిగురు, లామినేషన్, మళ్లీ లామినేషన్. చిన్న మొత్తాలే, కానీ వారం వారం. ఫీజులో పదోవంతైనా వీటికి విడిగా పెట్టుకోండి.

డబ్బు కట్టేముందు సర్టిఫికెట్ విలువ తేల్చుకోండి. ఉదాహరణకు, పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతినే తీసుకోండి. దాన్ని రూపొందించిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తొలి బడి తెరిచారు. ఆవిడే 1929లో స్థాపించిన అసోసియేషన్ మాంటిస్సోరి ఇంటర్నేషనల్ వయసు వారీగా డిప్లొమాలు ఇస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు ఒకటి, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ఇంకొకటి. అయితే మాంటిస్సోరి పేరు పెట్టుకున్న ప్రతి కోర్సూ వాళ్లది కాదు. మీరు పనిచేయాలనుకునే రెండు మూడు బడులకు వెళ్లి, ఏ సర్టిఫికెట్ ఉన్నవాళ్లను తీసుకుంటారో నేరుగా అడగండి. ఆ బడుల్లోనే కొన్ని రోజులు అసిస్టెంట్‌గా ఉండనిమ్మనండి. పొట్టి కుర్చీల మధ్య రోజంతా వంగి లేస్తూ, ఏడ్చే పిల్లాణ్ణి ఎత్తుకుని ఇంకో పిల్ల బూట్లు తొడిగాక కూడా రేపు మళ్లీ రావాలనిపిస్తే ఫీజు కట్టేయండి.

వచ్చే నెల నుంచే కొత్త జీతంలో బతకడం మొదలుపెట్టండి. 60తో ఇల్లు గడిపి, మిగతా 40 పక్కన పెట్టండి. మూడు నెలలు అలా గడిస్తే మీ పొదుపు కూడా 120 పెరుగుతుంది. గడవకపోతే ఏ ఖర్చు దగ్గర ఆగిపోయిందో రాసి పంపండి, ఇద్దరం కలిసి చూద్దాం.