ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఒక టాపిక్: లిథియం శాంపిల్ ఎన్ని గంటలకి తీస్తున్నారు?

మీరడిగింది ఇదీ: "ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్ చేస్తున్నాను. టీచింగ్ ప్రోగ్రాం, ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ కాకుండా వార్డుకి నిజంగా పనికొచ్చే టాపిక్ చెప్పండి. ఒక్కదాన్నే చేసుకోవాలి, ఆరేడు నెలల్లో తేలాలి."

ముప్పై ప్రశ్నల కాగితం ఇచ్చి, ముప్పావుగంట క్లాసు చెప్పి, వారం తిరక్కుండా అదే కాగితం మళ్లీ చేతిలో పెడితే మార్కులు పెరగక ఏం చేస్తాయి? పి వాల్యూ (తేడా కాకతాళీయం కాదని చూపే అంకె) బ్రహ్మాండంగా వస్తుంది, వార్డు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాన్ని వద్దనుకున్నారంటేనే సగం పని అయినట్టు.

నేను చెప్పే టాపిక్: మీ వార్డులో లిథియం (బైపోలార్ జబ్బులో మూడ్ అటూ ఇటూ ఊగకుండా ఇచ్చే మందు) వాడే పేషెంట్లకి, చివరి డోసు పడ్డాక ఎన్ని గంటలకి రక్తం తీస్తున్నారో లెక్క తీయండి. కారణాలు వెతకండి, పద్ధతి మార్చండి, మళ్లీ లెక్క తీయండి. ఇది పూర్తిగా నర్సుల చేతిలో ఉన్న పని. డోసు డాక్టరు రాస్తారు సరే, మాత్ర నోట్లో పడిన టైము, సూది గుచ్చిన టైము మనవే.

ఈ గంటల గోల ఎందుకంటే, సీరం లిథియం (రక్తంలో లిథియం) లీటరుకి 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ ఉంటే సాధారణంగా మెయింటెనెన్స్‌కి, అంటే జబ్బు తిరగబెట్టకుండా ఉండటానికి, సరిపోతుంది, మేనియా (నిద్రలేని అతి ఉద్రేకం) ముదిరి ఉన్నప్పుడు 1.0 దాకా తీసుకెళ్తారు, 1.5 దాటితే విషలక్షణాల భయం. (రిపోర్టులో మిల్లీమోల్ అని ఉన్నా మిల్లీ ఈక్వివలెంట్ అని ఉన్నా లిథియానికి అంకె ఒకటే, కంగారుపడకండి.) ఈ అంకెలన్నీ చివరి డోసు తర్వాత 12 గంటలకి తీసిన శాంపిల్‌కి కట్టినవి. అంతకుముందు తీస్తే ఎక్కువ చూపిస్తుంది, ఆలస్యమైతే తక్కువ. జాన్ కేడ్ 1949లో ఆస్ట్రేలియాలో లిథియం మేనియాకి పనిచేస్తోందని రాసేనాటికి వార్డుల్లో లెవెల్ చూసే అలవాటే లేదు. ఆయన మొదటి పేషెంటే మరుసటి ఏడాది లిథియం విషంతో పోయాడు. కొలవడం అలవాటయ్యాకే ఈ మందు నిలబడింది.

ఇక తప్పు ఎక్కడ జరుగుతుందో చూడండి. కేస్‌షీట్‌లో రాత్రి 9 గంటల డోసు అని ఉంటుంది. వార్డులో భోజనాలు 7కే అయిపోతాయి, మందుల ట్రాలీ 7:30కే తిరిగేస్తుంది, చార్టులో టిక్కు మాత్రం 9 గడిలో పడుతుంది. పొద్దున డ్యూటీ దిగేలోపు రక్తాలన్నీ తీసేయాలి కాబట్టి శాంపిల్ 6కే వెళ్లిపోతుంది. కాగితం మీద 9 గంటలు, నిజానికి పదిన్నర, ఉండాల్సింది 12. రెండు పూటల డోసు ఉన్నవాళ్ల సంగతి ఇంకా ఘోరం. 8కి టిఫిన్‌తో మాత్ర వేసేస్తారు, టెక్నీషియన్ 10కి వస్తాడు. రిపోర్టు 1.3 అని వస్తుంది, రౌండ్స్‌లో డోసు తగ్గిస్తారు, కొన్నాళ్లకి మనిషి మళ్లీ నిద్రలేకుండా తిరుగుతుంటాడు. మందు పనిచేయలేదని రాసుకుంటాం.

ట్యూబు కూడా చూడాలి. ఆకుపచ్చ మూత ట్యూబుల్లో చాలావాటిలో లిథియం హెపారిన్ ఉంటుంది. అందులో పోస్తే ట్యూబులోని లిథియమే రక్తంలో కలిసి, ఒక్క మాత్ర వేసుకోని మనిషికి కూడా విషస్థాయి రిపోర్టు రావచ్చు. రక్తం తక్కువ నింపితే అంకె ఇంకా పెరుగుతుంది. ఎర్ర మూత ప్లెయిన్ ట్యూబో, పసుపు మూత జెల్ ట్యూబో వాడాలి.

డేటా షీట్‌లో ఈ కాలమ్స్ పెట్టుకోండి: డోసు రాసిన టైము, నిజంగా వేసిన టైము, రక్తం తీసిన టైము, ట్యూబు రంగు, డోసు మొదలుపెట్టి లేదా మార్చి ఎన్ని రోజులైంది (5 నుంచి 7 రోజులు కాకుండా తీస్తే లెవెల్ ఇంకా స్థిరపడి ఉండదు), మాత్ర మామూలుదా ఎస్ఆర్‌దా (మెల్లగా కరిగేదా), చివరి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) తేదీలు, రిపోర్టు చూసి డాక్టరు ఏం చేశారు. ఆఖరి కాలమ్ వదలకండి, గైడ్‌ని ఒప్పించేది అదే. ఇంకొక కాలమ్‌లో వారం రోజుల్లో విరేచనాలు, జ్వరం, ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ లేదా ఐబుప్రోఫెన్, కొత్త బీపీ మాత్ర ఏమైనా ఉన్నాయా అని రాయండి. మన దగ్గర మే నెలలో ఈ కాలమ్ నిండిపోతుంది. చెమటతో నీరూ ఉప్పూ పోతే కిడ్నీ సోడియంతో పాటు లిథియాన్నీ బిగబట్టేస్తుంది. పైగా నొప్పులకి ఆర్ఎంపీ దగ్గర డైక్లో ఇంజెక్షన్ చేయించుకొస్తారు, అడిగితే తప్ప చెప్పరు.

టైములు ఎక్కడ దొరుకుతాయన్నది అసలు చిక్కు. ల్యాబ్ రిజిస్టర్‌లో ఉండేది శాంపిల్ అందిన టైము, తీసిన టైము కాదు. చార్టులో డోసు టైము నమ్మడానికి లేదని పైన చెప్పాను. అందుకని మొదటి రెండు మూడు నెలల లెక్క పాత రికార్డుల నుంచి తీసి, వారానికి రెండు రాత్రులు మీరే ట్రాలీ పక్కన నిలబడి గడియారం చూసి రాసుకోండి. రెండింటికీ తేడా ఎంతో వస్తుంది చూడండి, అదే ఒక ఫలితం. ఆడిట్ (ఇలా పని తీరు లెక్క తీయడం) జరుగుతోందని ముందే తెలిస్తే అందరూ కరెక్టుగా చేసేస్తారు, కాబట్టి పాత రికార్డుల పని ముందు పూర్తిచేయండి. ఎథిక్స్ కమిటీ అనుమతి, నర్సింగ్ సూపరింటెండెంట్ అనుమతి ఈ పనికి కూడా కావాలి. సిస్టర్ల పేర్లు ఎక్కడా రాయొద్దు. తప్పులు పట్టడానికొచ్చిందన్న మాట పుట్టిందంటే మీకు ఒక్క చార్టు కూడా అందదు.

11 నుంచి 13 గంటల మధ్య తీసింది సరైనదని ముందే నిర్ణయించి ప్రోటోకాల్‌లో రాయండి, డేటా చూశాక గీత జరపకూడదు. ఏరుకోకుండా వచ్చిన ప్రతి శాంపిలూ తీసుకోండి. చిన్న ఆసుపత్రిలో మూడు నెలలకి 30, 40కి మించి రాకపోవచ్చు, పర్లేదు. ముందు శాతం, తర్వాత శాతం, మధ్యలో కై స్క్వేర్ (ఆ రెండు శాతాల తేడా కాకతాళీయమా కాదా చూసే లెక్క). ఏ గడిలోనైనా ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ 5 కంటే తగ్గితే దాని బదులు ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్.

మార్పు అంటే పెద్ద హంగామా అక్కర్లేదు. లిథియం రాత్రి డోసు 8కే అని డాక్టరుతో రాయించండి, రక్తం పొద్దున 8కి, డే షిఫ్ట్ ఎక్కిన వెంటనే. చార్టు మీద "లిథియం శాంపిల్ రేపు, పొద్దున డోసు ఆపాలి" అన్న చీటీ, రిక్వెస్ట్ ఫారంలో "చివరి డోసు టైము" అన్న ఒక గీత. మాత్ర ఆపింది రక్తం తీసేదాకానే, తీయగానే వేసేయాలి. ఇది చీటీ మీద రాయకపోతే ఆ పూట డోసు ఎగిరిపోతుంది.

డేటా తీస్తుండగా విషలక్షణాలు కనిపిస్తే ముందు మీరు నర్సు, తర్వాతే స్టూడెంటు. చేతులు చాపమని వేళ్ల మీద కాగితం పెడితే సన్నగా అదరడం లిథియంతో మామూలే. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు ఒలుకుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, నడకలో తూలుతుంటే, వాంతులో విరేచనాలో ఉంటే తర్వాతి డోసు ఆపి వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలవండి. లిథియం, క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్లు, ఈసీజీ అడుగుతారు. ఏళ్లుగా వాడుతున్నవాళ్లలో రిపోర్టు 1.4 ఉన్నా మెదడులో విషం ఎక్కి ఉండొచ్చు. అంకె బాగుందని ఊరుకోకండి. చార్టులో "ట్రెమర్స్ ఉన్నాయి" అని కాకుండా "గ్లాసు ఎత్తలేకపోయారు, సంతకం గీతలు పోయింది" అని రాస్తే తర్వాతి షిఫ్టువాళ్లు పోల్చి చూసుకోగలరు.

గైడ్ "ఆడిట్ రీసెర్చ్ కాదు" అంటే వాదన పెట్టుకోకండి. టైటిల్‌లో "క్వాసీ ఎక్స్‌పెరిమెంటల్, బిఫోర్ ఆఫ్టర్ డిజైన్" అని పెట్టండి, చేసే పని అదే కాబట్టి అబద్ధమేమీ కాదు.