లోన్ మాట తర్వాత, ముందు లోపం తేలనివ్వండి

ప్రశ్న: మా పెట్రోల్ కారుకు పద్నాలుగేళ్లు. ఆరు నెలలుగా బాగా వేడెక్కాక నడుస్తూనే ఆగిపోతోంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ గట్టిగానే తిరుగుతుంది కానీ స్టార్ట్ కాదు. అరగంట చల్లారితే మామూలే. బ్యాటరీ, సెల్ఫ్ మోటర్, ఫ్యూయల్ పంపు మార్పించాం. అయినా తగ్గలేదు. ఇంత ఖర్చు పెట్టాక వదిలేయడానికి మనసొప్పడం లేదు. అత్యవసర నిధిని డౌన్ పేమెంట్‌కు వాడి, లోన్ మీద కొత్త కారు తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు మూడు భాగాలు మార్పించారు. కానీ ఎవరైనా పరీక్ష చేసి, లోపం ఇదీ అని చూపించినట్టు ఎక్కడా రాయలేదు. అంటే ఇప్పటిదాకా మీ డబ్బు ఊహల మీదే ఖర్చయింది. కారులో ఏం పోయిందో తెలియకుండా లోన్ తీసుకుంటే అది ఇంకా పెద్ద ఊహ అవుతుంది.

సెల్ఫ్ గట్టిగా తిరుగుతోందంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటర్ వాటి పని అవి చేస్తున్నాయి. బ్యాటరీ దిగిపోతే టకటకమని శబ్దం వస్తుంది, లైట్లు మసకబారతాయి. దాన్ని తేల్చడానికి మల్టీమీటర్ చాలు. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులు చూపిస్తే చార్జ్ నిండుగా ఉన్నట్టు, 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 ఉంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా బాగున్నట్టే.

వేడికి ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే కారులో మొదట అనుమానించేది క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్‌ని. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది అదే. వేడికి అది మొరాయిస్తే స్పార్కూ ఇంధనమూ రెండూ ఆగిపోతాయి. స్పార్కుకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్, ఫ్యూయల్ పంపుకు కరెంటు కలిపే రిలే కూడా వేడికి ఇలాగే చేస్తాయి. సెన్సర్ మార్చేయండి అని మాత్రం చెప్పను, అలా చెబితే నాదీ నాలుగో ఊహే.

కాబట్టి రిపేరు మాట ఎత్తకుండా, లోపం కనిపెట్టడానికి మాత్రమే మెకానిక్‌కు విడిగా డబ్బు ఇవ్వండి. కారు చల్లగా ఉన్నప్పుడు చూపిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. మీరు పక్కన కూర్చుని, కారు ఆగిపోయేదాకా ఆయన్నే నడపనివ్వండి. ఆగిన వెంటనే స్పార్క్ వస్తోందా, ఫ్యూయల్ ప్రెషర్ ఉందా చూడాలి. సెల్ఫ్ తిరుగుతుండగా కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) సున్నా చూపిస్తే సెన్సర్ మీద, దాని వైరింగ్ మీద అనుమానం బలపడుతుంది. అంతకుముందు బ్యాటరీ వైరు తీయనివ్వకండి, కంప్యూటర్‌లో దాచి ఉన్న లోపాల కోడ్‌లు చెరిగిపోవచ్చు. అదే రోజు కంప్రెషన్ టెస్టు (ఇంజన్ సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించి, అడుగుభాగం తుప్పు కూడా చూపించుకోండి. కారు ఉంచుకోవాలా వద్దా అన్నది చాలావరకు ఈ రెండే తేలుస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. నడుస్తూ ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు ఉన్న సాయం కూడా ఒకట్రెండు నొక్కులతో అయిపోతుంది. లోపం తేలేదాకా హైవే ఎక్కకండి. ఇంట్లోవాళ్లకు కూడా కారు ఇవ్వకండి.

ఇక లెక్క. ఈ పరీక్ష ఖర్చుకు అత్యవసర నిధి వాడుకోవచ్చు, అది ఉన్నదే ఇలాంటి వాటికి. డౌన్ పేమెంట్‌కు మాత్రం వద్దు. నిధి ఖాళీ అయిన రోజే నెలనెలా ఈఎంఐ మొదలైతే, ఒక్క నెల జీతం ఆలస్యమైనా తట్టుకోలేరు. లోపం తేలాక రిపేరు ఎస్టిమేట్ రాతపూర్వకంగా తీసుకోండి. దానికి ఈ ఏడాది ఎలాగూ రాబోయే టైర్లు, బ్రేకుల ఖర్చు కలపండి. ఆ మొత్తం కొత్త కారు ఆరు నెలల ఈఎంఐ, పెరిగే ఇన్సూరెన్స్ కంటే తక్కువైతే రిపేరు చేయించండి. ఇది నేను పాటించే కొలత. కంప్రెషన్ పడిపోయినా, తుప్పు ఛాసిస్ దాకా వెళ్లినా, లోపం దాచకుండా చెప్పి అమ్మేయండి. ఇప్పటికే పోసిన డబ్బు ఈ లెక్కలోకి రానివ్వకండి. కారు ఉంచుకున్నా, అమ్మినా అది తిరిగిరాదు.

రిపేరుతో కారు దారికొస్తే, ఆ ఈఎంఐలో సగమైనా నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. తర్వాతి కారుకు డౌన్ పేమెంట్ అందులోంచే రావాలి. ఎస్టిమేట్ చేతికొచ్చాక ఆ అంకె, మీ నెల ఆదాయం రెండూ నాకు రాయండి, కలిసి చూద్దాం.