ఇన్‌బాక్స్ బరువు

ప్రశ్న: మాది చెన్నై, పశ్చిమ మాంబళం. ఇంట్లోనే నాలుగు షాపుల లెక్కలు రాస్తాను. 4 జీబీ ర్యామ్ కంప్యూటర్. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో పన్నెండేళ్ల మెయిళ్లున్నాయి. అది తెరిస్తే ఎక్సెల్ కదలదు. వేలకొద్దీ మెయిళ్లు తీసేసినా లాభం లేదు. ఒకటే టెన్షన్!

జవాబు: తీసేస్తే తేలికపడేది మెయిళ్లు దాచే డిస్కు, ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే ర్యామ్ కాదండీ. అదీ వెంటనే కాదు, తీసేసిన మెయిల్ 'కాంపాక్ట్' (ఫోల్డర్ని కుదించడం) చేసేదాకా ఫైల్లోనే ఉంటుంది. చేసే ముందు కాపీ ఒకటి దాచుకోండి.

నిరుడు మా బావగారింట్లోనూ ఇదే గోల. టూల్స్ మెనూలో యాక్టివిటీ మేనేజర్ తెరిచి చూస్తే పాత మెయిళ్లన్నిటికీ ఇండెక్స్, అంటే వెతకడానికి పనికొచ్చే పట్టిక, తయారవుతోంది. రాత్రంతా వదిలేశాం, తెల్లారేసరికి సర్దుకుంది. మీరు పాత మెయిళ్లలో పెద్దగా వెతకరనుకుంటే సెట్టింగ్స్‌లో 'గ్లోబల్ సెర్చ్ అండ్ ఇండెక్సర్' టిక్కు తీసేయండి. ఆడిటర్ ఫోన్ చేసి పాత బిల్లు అడిగినప్పుడు మాత్రం నన్ను తిట్టుకోకండి!

తర్వాత హెల్ప్ మెనూలోంచి ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరవండి. అందులో యాడ్-ఆన్లు, అంటే మనం అదనంగా చేర్చుకున్న చిన్న ప్రోగ్రాములు, పనిచేయవు. అప్పుడు చురుగ్గా ఉంటే అనుమానం వాటి మీదే. ఒక్కొక్కటే ఆపి చూడండి. అప్పటికీ కదలకపోతే, 4 జీబీ ర్యామ్‌ని 8 చేయించడానికి కంప్యూటర్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్ మీకు ఎంతో దూరం కాదు.