24 వోల్టుల ఇన్వర్టర్‌కి 32 ఆంప్స్ ఎంసీబీ చాలదు

అన్నా, 1500 వీఏ ఇన్వర్టర్, సిరీస్‌లో రెండు 150 ఏహెచ్ బ్యాటరీలు, బ్యాటరీలకీ ఇన్వర్టర్‌కీ మధ్యలో 6 చదరపు మి.మీ. వైరు, 32 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్) అన్నారు. మిక్సీ వేయగానే ట్రిప్ అవుతోందంటే ఎంసీబీ తప్పేం లేదు, దాని పని అది చేస్తోంది. ఎలక్ట్రీషియన్ చెప్పాడని 63ది మాత్రం పెట్టించకండి, ఈసారి వైరే కాలుతుంది.

లెక్క ఇదీ: 1200 వాట్ల లోడు, బ్యాటరీ 21 వోల్టులకి దిగినప్పుడు, ఇన్వర్టర్‌లో 15 శాతం నష్టం కలిపితే దాదాపు 67 ఆంప్స్. పైన పాతిక శాతం వేస్తే 84. కాబట్టి 100 ఆంప్స్ డీసీ ఫ్యూజు, 35 చదరపు మి.మీ. రాగి కేబుల్. ఫ్యూజు కాపాడేది కేబుల్‌ని, అందుకే బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. అక్కడ మామూలు ఏసీ ఎంసీబీ పనికిరాదు. ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ తెరుచుకున్నప్పుడు లేచే ఆర్క్ (నిప్పు మెరుపు) ఆరిపోతుంది, బ్యాటరీ ఇచ్చే డీసీలో ఆ వీలు లేదు.

ఇన్వర్టర్ నుంచి ఇంట్లోకి వెళ్లే ఔట్‌పుట్‌కి 10 ఆంప్స్ ఎంసీబీ, 2.5 చదరపు మి.మీ. వైరు చాలు.

మీది కళింగపట్నం అన్నారు కదా, ఉప్పుగాలికి లగ్గులు (కేబుల్ చివర బిగించే లోహపు కొసలు) పచ్చబడతాయి. గట్టిగా క్రింప్ చేయించి (నొక్కించి), బిగించాక వ్యాజిలైన్ రాయండి.